రెండవ పక్షమును వినవలదా?

తగవు తీర్చువాడు ఇరుపక్షముల మాటలును విని తీర్పు చెప్పవలయుననుట మన పల్లెలలోని రచ్చబండలు సైతము పాటించిన ధర్మము. గొఱ్ఱె పోయినదని మొఱపెట్టినవాని మాట మాత్రమే విని, ఎదుటివానిని పిలువకయే జరిమానా విధించిన పెద్దమనుష్యుని ఏ ఊరును మరల పంచాయతీకి పిలువదు. కాని నేటి ఆన్‌లైను వర్తకమున జరుగుచున్న తగవులలో ఈ ధర్మము తలక్రిందులై యున్నది. అచ్చట ముందు సొమ్ము లాగికొందురు; పిమ్మట సంజాయిషీ అడుగుదురు. ఈ పద్ధతికి చార్జిబ్యాకు అని పేరు. దీని మంచిచెడ్డలను గూర్చి మన పట్టణవాసులును, వ్యవసాయదారులును ఆలోచింపవలసిన కాలము వచ్చినదని మా తలంపు.

చార్జిబ్యాకు అనగా నేమి? క్రెడిట్ కార్డుతో వస్తువును కొన్నవాడు తన బ్యాంకునకు పోయి, 'ఈ కొనుగోలు నేను చేయలేదు' అనియో, 'సరకు నాకు చేరలేదు' అనియో, 'చెప్పినది యొకటి, పంపినది వేఱొకటి' అనియో ఫిర్యాదు చేయును. ఆ బ్యాంకు వీసా, మాస్టర్‌కార్డు, రూపే మొదలగు వ్యవస్థల నిబంధనల ననుసరించి, అమ్మినవాని బ్యాంకునుండి ఆ సొమ్మును వెనుకకు రాబట్టును. అమ్మినవాని బ్యాంకు ఆ నష్టమును తాను భరింపదు. నడుమనున్న చెల్లింపు సంస్థద్వారా వర్తకుని ఖాతానుండియే దానిని మినహాయించును. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు, బ్యాంకు తన ఖాతాదారునియెడ చూపు ఔదార్యమునకు వర్తకుని సొమ్మే ఆధారమగుచున్నది. పెక్కు తావులలో ఈ తగవునకై వేఱుగ రుసుమును గూడ వర్తకుడే చెల్లించుకొనవలయును.

ఈ హక్కు పుట్టుటకు బలమైన కారణము లేకపోలేదు. కార్డు దొంగిలింపబడినను, వర్తకుడు వంచించినను, సామాన్యుడు బ్యాంకులతో పోరాడలేడని గ్రహించి అమెరికా శాసనసభవారు 1974లో ఒక చట్టము చేసిరి. లెక్క తప్పిన బిల్లును గూర్చి 60 దినములలోపల లిఖితముగ ఫిర్యాదు చేయు హక్కు దానివలన అచ్చటి కొనుగోలుదారునకు లభించెను. మన రిజర్వుబ్యాంకువారును 2017 జూలై 6వ తేదీన జారీచేసిన ఉత్తర్వులో, తన తప్పును, బ్యాంకు తప్పును లేక మూడవవానివలన జరిగిన మోసమును గూర్చి మూడు పనిదినములలో తెలియజేసిన ఖాతాదారునిపై ఎట్టి భారమును ఉండరాదనియు, బాధ్యతను నిరూపించు భారము బ్యాంకుదే ననియు విధించిరి. ఇది మిక్కిలి శ్లాఘనీయమైన ఉత్తర్వు. బలహీనుని చేతికి ఆయుధ మిచ్చుట ప్రభుత్వధర్మము. ఆ ఆయుధము మరియొక బలహీనునిపై ప్రయోగింపబడునప్పుడు మాత్రము ఊరకుండరాదు.

సరకు చేతికందిన పిదప, దానిని కట్టుకొనియో, తినియో, వాడియో, 'నాకు రాలేదు' అని బ్యాంకునకు చెప్పి సొమ్మును మరల పొందువారు బయలుదేరినారు. కొందఱు కావలెనని చేయుదురు. కొందఱు తమ యింటివారు కొన్న సంగతి నెఱుగక చేయుదురు. మరికొందఱు వర్తకునకు ఒక జాబు వ్రాయుటకంటె బ్యాంకువారి మీట నొక్కుట సులభమని చేయుదురు. దీనికి పాశ్చాత్య వర్తకులు 'ఫ్రెండ్లీ ఫ్రాడ్' అని పేరిడినారు. దొంగ బయటివాడు కాక, సరకు కొన్న ఖాతాదారుడే యగుటచేత ఈ పేరు వచ్చినది. దొంగను పట్టుటకు పోలీసులున్నారు. ఈ మిత్రుని పట్టుట యెట్లు?

ఇది యెక్కడనో దూరదేశములలోని గొడవ యని మన ప్రాంతమువారు తలంచుట పొరపాటు. వనపర్తి జిల్లాలోని పెద్దమందడినే తీసికొందము. వేరుసెనగ పండించు ఆ ప్రాంతమున చదువుకొన్న యువకు డొకడు గద్వాల నేతగాండ్రవద్ద చీరలు కొని, తన ఫోనుద్వారా విదేశములలోని తెలుగువారికి అమ్ముచున్నాడనుకొందము. ఈ యువకుడు మా కల్పనయే కాని, అతని వ్యాపారము వంటిది నేడు తెలుగునాట కల్పన కాదు. నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును మగ్గముపైననే జోడించు గద్వాల నేతపని భౌగోళిక గుర్తింపు పొందిన విద్య. ఆ చీర దళారుల పాలుగాక, నేరుగ కట్టుకొనువారి యింటికే చేరుటకు ఈ క్రొత్త వర్తకము మార్గము చూపినది. తపాలాశాఖవారు 2022 మొదలు నెలకొల్పిన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రములు చిన్న వర్తకుడు సైతము విదేశములకు సరకు పంపుటకు తోడ్పడుచున్నవి. ఇంతవఱకు అంతయు శుభమే.

ఇక లెక్క చూడుడు. మన పెద్దమందడి యువకుడు పదివేల రూపాయలకు చీరను కొనెను. తపాలాకు రెండువేలు వెచ్చించెను. తనకు వేయిరూపాయలు మిగులునట్లు పదుమూడువేలకు అమ్మెను. చీర చేరెను. రెండుమాసములు గడచిన పిదప, 'సరకు రాలేదు' అను ఫిర్యాదుతో పదుమూడువేలును అతని ఖాతానుండి మాయమాయెను. చీర తిరిగి రాదు. తపాలా ఖర్చు తిరిగి రాదు. అతడు తన చేతినుండి పెట్టిన పండ్రెండువేలును పూడ్చుకొనవలెనన్న, అట్టి చీరలు మరి పండ్రెండింటిని అమ్మవలయును. ఒక్క అబద్ధమును పూడ్చుటకు పండ్రెండు నిజమైన బేరములు కావలయునన్నమాట! రుసుము ఈ లెక్కలో చేరలేదు.

అతడు ప్రతివాదము చేసికొనరాదా యని పాఠకు లడుగవచ్చును. అవకాశము కాగితముపై నున్నది. కాని సరకు పంపిన రసీదును, చేరినట్లు సాక్ష్యమును, కొన్నవానితో జరిపిన ఉత్తరప్రత్యుత్తరములను చెల్లింపు సంస్థ విధించిన కొలది దినముల గడువులోపల, ఇంగ్లీషున, వారు కోరిన రూపమున అతడు సమర్పింపవలయును. కొనుగోలుదారునకు మాత్రము వీసా నిబంధనల ప్రకారము పెక్కు తగవులలో 120 దినముల వ్యవధి యున్నది. ఒకనికి నాలుగు మాసములు, మరియొకనికి నాలుగు పూటలు! పైగా తొలిపలుకు పలుకునది కొనుగోలుదారుని బ్యాంకు. తన ఖాతాదారుని నొప్పించుటకు ఏ బ్యాంకు ఇష్టపడును?

మనదేశపు కార్డులకు రిజర్వుబ్యాంకువారు 2009లోనే ఆన్‌లైను కొనుగోళ్ళలో రెండవ ధ్రువీకరణమును నిర్బంధము చేసిరి. నేడు ఫోనునకు వచ్చు ఓటీపీ అట్టిదే. దానివలన 'నేను కొనలేదు' అను వాదమునుండి ఇచ్చటి వర్తకునకు కొంత రక్షణ యున్నది. 'సరకు రాలేదు', 'సరకు బాగులేదు' అను వాదములకు మాత్రము ఆ సంఖ్య సమాధానము కాజాలదు. విదేశపు కార్డుల విషయమున ఆ పాటి రక్షణయు నిశ్చయముగ లభింపదు. తగవు కానిది తగవగుటయు కలదు. 2025 ఆగస్టులో అమెరికాప్రభుత్వము సుంకపు నిబంధనలను మార్చినందున మన తపాలాశాఖవారు ఆ దేశమునకు పార్సెళ్ళ స్వీకారమును నిలిపివేసి, అక్టోబరు 15వ తేదీన గాని పునఃప్రారంభింపలేదు. అట్టి వేళ సరకు ఆలస్యమగుట అమ్మినవాని దోషమును కాదు, కొన్నవాని దోషమును కాదు. అయినను 'చేరలేదు' అను ఫిర్యాదు పడినచో నష్టము మోయువాడు అమ్మినవాడే.

ఈ నష్టము వర్తకునితో ఆగిపోదు. రెండు దెబ్బలు తిన్నవాడు మూడవ చీరకు బయానా ఇచ్చుటకు జంకును. గద్వాలలో మగ్గము నిలుచును. ఫిర్యాదులు పెరిగినచో చెల్లింపు సంస్థ అతనికి రావలసిన సొమ్మును బిగబట్టును, లేదా ఖాతానే మూసివేయును. పెద్ద వర్తకసంస్థలు ఈ నష్టమును ధరలలో కలిపివేయగలవు. కనుక చివరకు దానిని చెల్లించువాడు అబద్ధమాడని కొనుగోలుదారుడే. 2022 సెప్టెంబరు మొదలు రూపే క్రెడిట్ కార్డులు యూపీఐతో జతపడినందున, సంతలోని కిరాణావర్తకుని గోడకు అంటించిన క్యూఆర్ పటముసైతము ఈ వ్యవస్థలో భాగమగుచున్నది. కావున ఇది కొలదిమంది గొడవ యని ఉపేక్షింపరాదు.

అమ్మువారందఱును సత్యహరిశ్చంద్రులా యని మమ్ము ప్రశ్నింపవచ్చును. కారు. మరమగ్గముపై నేసిన చీరను చేనేత యని అంటగట్టువారున్నారు. పటము చూపి చింపిగుడ్డ పంపువారున్నారు. సొమ్ము పుచ్చుకొని దుకాణమునే మాయము చేయువారున్నారు. అట్టివారికి చార్జిబ్యాకు తగిన శాస్తియే. ఆ హక్కును తొలగింపవలయునని మేమెన్నడును కోరము. దాని దుర్వినియోగమువలన నిజముగ మోసపోయినవానికే ముప్పు వచ్చుచున్నదని చెప్పుటయే మా యుద్దేశము.

ఇందుకు యూపీఐ చరిత్రయే తార్కాణము. ఫిర్యాదులు మితిమీరుటచేత నేషనల్ పేమెంట్స్ కార్పొరేషనువారు ఒక ఖాతాదారుడు 30 దినములలో పదింటికి మించియు, ఒకే గ్రహీతపై అయిదింటికి మించియు చార్జిబ్యాకులు కోరరాదని హద్దు విధించిరి. ఆ హద్దువలన న్యాయమైన ఫిర్యాదులును త్రోసివేయబడుచుండెను. అందుచే 2025 జూలైలో, తాము విచారించి నిజమని నమ్మిన ఫిర్యాదును బ్యాంకులు మరల లేవనెత్తుటకు వీలు కల్పింపవలసివచ్చెను. కొండనాలుకకు మందువేసిన ఉన్ననాలుక ఊడినట్లాయెను. అబద్ధపు ఫిర్యాదు ఒక్క వర్తకునే దోచదు. రేపు నిజముగ మోసపోవువాని నోటిని గూడ నొక్కును.

కర్తవ్యమేమి? మొదటిది, విచారణ ముగియువఱకు ఆ సొమ్ము ఎవరికిని దక్కక తటస్థముగ నిలిచియుండవలయును. సాక్ష్యము సమర్పించుటకు చిన్న వర్తకునకు మూడువారములకు తక్కువగాని గడువు ఈయవలయును. రెండవది, తగవులో వర్తకుడు గెలిచినచో అతడు చెల్లించిన రుసుమును తప్పక తిరిగి ఈయవలయును. మూడవది, పలుమారు అబద్ధపు ఫిర్యాదులు చేసినట్లు తేలినవానిపై బ్యాంకులు చర్య గైకొనవలయును. అందఱికిని ఒకే సంఖ్యతో గిరి గీయుటకంటె ఇది న్యాయము. ఇట్లు సాక్ష్యమును వినుట అసాధ్యము కాదు. అదే కొనుగోలుదారుడు అదే పరికరమునుండి పూర్వము చేసిన, తగవులేని రెండు కొనుగోళ్ళను చూపినచో, 'నేను కొనలేదు' అను వాదమునకు సమాధానముగ స్వీకరించుటకు వీసావారు 2023 ఏప్రిలులో అంగీకరించిరి. అయితే అంతటి లెక్కలను భద్రపఱచుకొనువారు పెద్ద వర్తకులే. నాలుగవది, వర్తకునకు పంపు తాఖీదులు అతని భాషలో నుండవలయును. తెలుగున అమ్మి తెలుగున కొన్న చీరను గూర్చిన తగవు అతనికి అర్థముగాని భాషలో తీరుట మనకు గౌరవము కాదు.

వర్తకులకును ఒక మాట. మన పూర్వులు చిట్టా, ఆవర్జాలను ప్రాణసమానముగ కాపాడుకొనిరి. మీరును అట్లే చేయుడు. సరకును కట్టునప్పటి పటమును, తూకమును, తపాలా రసీదును, కొన్నవారి జాబులను దాచుకొనుడు. వాపసు షరతులను ముందుగనే స్పష్టముగ తెలుపుడు. మీ దుకాణమున కొక పేరును, బ్యాంకు లెక్కలో కనబడుట కొక పేరును ఉన్నచో, కొన్నవాడు గుర్తింపక ఫిర్యాదు చేయుట సహజము. ఆ పేరును సరిచేసికొనుడు. ఫిర్యాదుకు ముందే మీకు ఫోను చేయుటకు దారి చూపుడు.

తుదకు మా పాఠకులకు. మీ జేబులలో కార్డులున్నవి. మీ బిడ్డలు డల్లాసునందును, న్యూజెర్సీయందును ఉన్నారు. పండుగకు ఊరినుండి తెప్పించుకొన్న చీరవిషయమున కొఱత యున్నచో ముందు అమ్మినవానిని అడుగుడు, అడుగుమని వారికి చెప్పుడు. అతడు పలుకనిచో, మోసగించినచో, బ్యాంకునకు నిస్సంకోచముగ ఫిర్యాదు చేయుడు. అది మీ హక్కు. కాని అంగడిలో ఎదురుగ కూర్చున్న సాహుకారు ముఖము చూచి చెప్పలేని అబద్ధమును, ముఖము కనబడలేదన్న ధైర్యముతో మీట నొక్కి చెప్పకుడు. ఆ మీట కావలివైపున పెద్దమందడిలో ఒక యువకుడును, గద్వాలలో ఒక మగ్గమును ఉన్నవి.