పైలట్ ట్రైనింగ్‌కు లక్షల్లో ఖర్చు.. ట్యాక్స్‌లో పైసా కూడా తగ్గదా? రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

పైలట్ కావాలంటే ఇంటర్ పాసైతే చాలు అనుకుంటారు చాలామంది. అసలు భారం ఆ తర్వాతే మొదలవుతుంది. కమర్షియల్ పైలట్ లైసెన్స్ కోసం 200 గంటలు విమానం నడపాలి. ఆ తర్వాత ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటి ఒక్కో రకం విమానానికి విడిగా టైప్ రేటింగ్ చేయాలి. ఇవన్నీ పూర్తయ్యేసరికి ఖర్చు ఎన్నో లక్షలు దాటుతుంది. కొందరు పొలమో, ప్లాటో అమ్ముతారు. ఇంకొందరు బ్యాంకు లోన్ తీసుకుంటారు. ఉద్యోగం వచ్చి జీతం మొదలవగానే వచ్చే మొదటి ప్రశ్న ఇదే: ఈ ఖర్చును ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూపించుకోవచ్చా?

సూటిగా చెప్పాలంటే కుదరదు. జీతం మీద బతికే పైలట్‌కు ఫీజు రూపంలో కట్టిన డబ్బుపై మినహాయింపు లేదు. లోన్ తీసుకుంటే దాని వడ్డీపై మాత్రం ఓ దారి ఉంది. అయితే ఆ దారి కూడా ఇప్పుడు బాగా ఇరుకైపోయింది.

జీతగాళ్లకు ఎందుకు లేదు?

వ్యాపారి తన ఆదాయంలోంచి షాపు అద్దె, కరెంటు బిల్లు, పనివాళ్ల జీతాలు తీసేసి మిగిలినదానికే పన్ను కడతాడు. ఉద్యోగికి ఆ వెసులుబాటు లేదు. జీతంలోంచి తీసేసుకోవడానికి చట్టం ఇచ్చేది ప్రధానంగా స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కటే. కొత్త పన్ను విధానంలో అది 75 వేలు, పాత విధానంలో 50 వేలు. పాత విధానంలో ప్రొఫెషనల్ ట్యాక్స్ కూడా తగ్గించుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికైనా, లక్షలు పోసి టైప్ రేటింగ్ చేసిన పైలట్‌కైనా ఇదే లెక్క.

మరి 80సీ కింద ట్యూషన్ ఫీజు చూపించొచ్చు కదా అంటే, అది పిల్లల చదువుకు మాత్రమే. సొంత చదువుకు వర్తించదు. పైగా పీఎఫ్, ఎల్ఐసీ అన్నీ కలిపి లక్షన్నర పరిమితి.

బిల్లు ఒకటే.. కట్టేవాళ్లను బట్టి పన్ను

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఉదాహరణకు టైప్ రేటింగ్ ఖర్చు 20 లక్షలు అనుకుందాం. ఉద్యోగంలోకి తీసుకున్నాక విమానయాన సంస్థే ఆ బిల్లు కడితే, కంపెనీ దాన్ని వ్యాపార ఖర్చుగా చూపిస్తుంది. ఉద్యోగం కోసం ఇచ్చిన శిక్షణ కాబట్టి మామూలుగా పైలట్ జీతంలోనూ కలపరు. అదే 20 లక్షలు పైలట్ తన జీతం డబ్బుల్లోంచి కడితే ఎవరికీ మినహాయింపు రాదు. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు సెస్‌తో కలిపి ఆ 20 లక్షలపై పడే పన్ను 6 లక్షల 24 వేలు. అదే సిమ్యులేటర్, అదే ట్రైనింగ్. తేడా అల్లా ఎవరి జేబులోంచి పోయిందన్నదే.

జీతం కాకుండా ప్రొఫెషనల్ ఫీజు తీసుకునే ఫ్రీలాన్స్ పైలట్లు, ఇన్‌స్ట్రక్టర్ల సంగతి వేరు. వాళ్లది వృత్తి ఆదాయం. కాబట్టి లైసెన్స్ రెన్యువల్, రిఫ్రెషర్ ట్రైనింగ్ లాంటివి ఖర్చు కింద రాసుకోవచ్చు. అయితే వృత్తిలోకి రాకముందు మొదటి లైసెన్స్ కోసం పెట్టిన డబ్బును ఇలా చూపడం కష్టం.

లోన్ వడ్డీతో ఎంత మిగులుతుంది?

సెక్షన్ 80ఈ ప్రకారం ఉన్నత చదువు కోసం బ్యాంకు నుంచి తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్‌పై కట్టిన వడ్డీ మొత్తం మినహాయింపే. గరిష్ఠ పరిమితి లేదు. అయితే అసలుకు వర్తించదు. పర్సనల్ లోన్‌కు, బంధువుల దగ్గర తెచ్చిన అప్పుకు వర్తించదు. వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి మొత్తం 8 ఏళ్లే. ఉద్యోగం రాకముందే వడ్డీ కట్టడం మొదలైతే, ఆదాయం లేని ఆ ఏళ్లు కూడా ఈ లెక్కలోకే పోతాయి. పొలం అమ్మి ఫీజు కట్టినవాళ్లకు వడ్డీయే ఉండదు కాబట్టి వచ్చేదేమీ లేదు.

ఇంకో చిక్కు ఏంటంటే, ఇది పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. 2025-26 రేట్లతో ఓ లెక్క చూద్దాం. కో-పైలట్ జీతం ఏడాదికి 30 లక్షలు, 60 లక్షల లోన్‌పై 11 శాతం చొప్పున కట్టిన వడ్డీ 6 లక్షల 60 వేలు అనుకుందాం. కొత్త విధానంలో సెస్‌తో కలిపి పన్ను 4,75,800. పాత విధానంలో వడ్డీ మినహాయింపు తీసుకున్నా 5,19,480 అవుతుంది. అంటే పాతదే ఎక్కువ! 80సీ లక్షన్నర కూడా పూర్తిగా వాడుకుంటే 4,72,680కి దిగుతుంది. అంత వడ్డీ కట్టి చివరికి మిగిలేది 3,120 రూపాయలు. ఏటా లోన్ తీరేకొద్దీ వడ్డీ తగ్గుతుంది కాబట్టి ఆ కాస్త లాభమూ ఉండదు.

మిగతా దేశాల్లో ఎలా?

అమెరికాలో ఉద్యోగులు సొంతంగా పెట్టుకున్న ఉద్యోగ ఖర్చుల్లో కొంత భాగాన్ని 2017 వరకు చూపించుకునేవారు. 2018 నుంచి దాన్ని ఆపేశారు. 2025లో వచ్చిన చట్టంతో అది శాశ్వతంగా పోయింది. ఆస్ట్రేలియాలో మాత్రం చేస్తున్న ఉద్యోగంలో నైపుణ్యం పెంచే చదువుకు మినహాయింపు ఉంది. అక్కడ ఓ ఫ్లైట్ ఇంజినీర్ విమానం నడపడం నేర్చుకోవడానికి పెట్టిన ఖర్చును 1991లో ఫెడరల్ కోర్టు ఒప్పుకుంది. కొత్తగా ఉద్యోగంలోకి రావడానికి చేసే కోర్సుకు మాత్రం అక్కడా ఇవ్వరు. ఉన్న ఉద్యోగానికి ఉపయోగపడే ట్రైనింగ్ వేరు, ఉద్యోగం తెచ్చుకునే ట్రైనింగ్ వేరు అన్నది వాళ్ల సూత్రం. మన దగ్గర జీతగాళ్లకు ఆ తేడా కూడా లేదు, రెండింటికీ సున్నాయే.

ఫ్లయింగ్ ట్రైనింగ్‌ను చదువుగా గుర్తించడం మన ప్రభుత్వానికి కొత్తేమీ కాదు. డీజీసీఏ ఆమోదించిన శిక్షణ సంస్థల కోర్సులకు జీఎస్టీ ఉండదని 2024 సెప్టెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ స్పష్టత ఇచ్చింది. ఫీజుపై పన్ను వద్దన్న ప్రభుత్వం, ఆ ఫీజు కట్టిన జీతంపై మాత్రం పూర్తి పన్ను తీసుకుంటోంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి తప్ప ఈ విషయంలో మార్పు లేదు. కనీసం ఎడ్యుకేషన్ లోన్ వడ్డీని కొత్త పన్ను విధానంలోకి తెచ్చినా అప్పు చేసి కాక్‌పిట్ ఎక్కిన పిల్లలకు ఊరట దొరుకుతుంది.

అప్పటిదాకా చేయగలిగింది ఇదే. లోన్ తీసుకుంటే ఎడ్యుకేషన్ లోన్‌గానే తీసుకోవాలి. పన్ను కట్టే ఆదాయం ఎవరికుంటే వాళ్ల పేరు లోన్‌లో ఉండేలా చూసుకోవాలి. బ్యాంకు నుంచి ఏటా వడ్డీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. రిటర్న్ వేసేముందు రెండు విధానాల్లోనూ లెక్క వేసి చూసుకోవాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు టైప్ రేటింగ్ ఖర్చు కంపెనీ పెట్టుకుంటుందా అని అడగడం అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే పన్ను భారం పడాలా వద్దా అన్నది తేలేది అక్కడే.