విహార స్థలాల్లో మన చెట్టుకు, మన పిట్టకు చోటేదీ?

ఇందూరు జిల్లాకు సముద్రం లేదు. అయినా ఆదివారం వచ్చిందంటే పిల్లా పాపలతో నీటి ఒడ్డున కాసేపు కూర్చోవాలన్న కోరిక ఇక్కడి వారికీ ఉంటుంది. ఆ కోరికను ఏళ్ల తరబడి తీరుస్తున్నవి చెరువు గట్లే. నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే దారిలో జానకంపేట దగ్గర రాతి గుండ్ల మధ్య అశోక్‌సాగర్ ఉంది. ఇంకొంచెం ముందుకు పోయి పక్కకు తిరిగితే ఎడపల్లి మండలంలో అలీసాగర్ ఉంది. పొద్దున సద్ది కట్టుకుని పోతే పొద్దుగూకే లోపల ఇల్లు చేరవచ్చు.

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. దాని ప్రధాన కాలువ నీటిని నిలువ చేసి కింది పొలాలకు అందించేందుకు ఏర్పడిన జలాశయం అలీసాగర్. గుట్ట మీద విడిది బంగళా, కింద తోట, జింకల పార్కు, చుట్టూ అడవి. ఇన్ని ఒకేచోట ఉన్న స్థలం పట్టణానికి ఇంత దగ్గరలో మరొకటి లేదు. 2016లో కామారెడ్డి జిల్లా విడిపోయినప్పుడు నిజాంసాగర్ కూడా అటు పోయింది. ఇందూరుకు మిగిలిన వాటిలో అలీసాగర్ విలువ అందువల్ల ఇంకా పెరిగింది. దాన్ని ఎలా ఉంచుకోవాలన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన విషయం.

చక్కెర తరువాత ఏమిటి?

నిజాంసాగర్ నీళ్లు పారడంతో బోధన్ ప్రాంతం చెరకు సీమ అయింది. శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం ఒకనాడు ఆసియా ఖండంలోనే పెద్దదిగా పేరు పొందింది. 2002లో అందులో అధిక వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. కార్మికుల ఇళ్లలో పొయ్యి వెలగడమే కష్టమయింది. చెరకు రైతు వరికి మళ్లాడు.

అప్పటి నుంచి ఈ ప్రాంతంలో ఉపాధి మాట వచ్చినప్పుడల్లా పర్యాటకం పేరు కూడా వినబడుతోంది. మంచిదే. కానీ వచ్చేవాడు ఏం చూడడానికి వస్తాడు? పడవ షికారు హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ మీదనే ఉంది. జారుడు బండలు, రంగుల దీపాలు, సిమెంటు ఏనుగులు ప్రతి మునిసిపల్ పార్కులోనూ ఉన్నాయి. హైదరాబాద్ నుంచో, నాందేడ్ నుంచో బయలుదేరి వచ్చే మనిషికి అక్కడ లేనిది ఇక్కడ కనిపించాలి. అలా లేనివి ఈ నేల మీద పుట్టిన చెట్టు, ఈ నేల మీద తిరిగే జంతువు. వాటిని తుడిచివేసి ఎక్కడైనా దొరికే పచ్చిక, క్రోటన్ మొక్కలు పరిస్తే చేతిలో ఉన్న పెట్టుబడిని పారబోసుకున్నట్టే.

గుర్తులకే గౌరవం, చోటు లేదు

తెలంగాణ ప్రభుత్వం 2014లో నాలుగు గుర్తులను ప్రకటించింది. రాష్ట్ర జంతువు జింక, రాష్ట్ర పక్షి పాలపిట్ట, రాష్ట్ర వృక్షం జమ్మి, రాష్ట్ర పుష్పం తంగేడు. ఈ నాలుగూ ఇందూరు బీడు భూములకు, గుట్టలకు కొత్తవి కావు. ఎవరూ నీళ్లు పోయకుండా, ఎరువు వేయకుండా బతికేవి.

తంగేడును పశువులు పెద్దగా ముట్టవు. ఎండకు అది జంకదు. బెరడు తోళ్లు ఊనడానికి పనికివచ్చేది. బతుకమ్మకు తంగేడు, గునుగు లేనిదే నిండుదనం లేదు. ఒకప్పుడు ఆడపిల్లలు ఊరి బయటకు పోయి ఒడి నిండా కోసుకువచ్చిన ఆ పువ్వును ఇప్పుడు చాలామంది అంగడిలో కొనుక్కుంటున్నారు. బీడు దున్నబడింది. గట్టు మీద గడ్డి మందు పడింది. జమ్మి నేలకు సారమిచ్చే చెట్టు. దాని ఆకు, కాయ మేతకు పనికివస్తాయి. పాలపిట్ట ముసలి చెట్ల తొర్రల్లో గూడు పెడుతుంది. పొలాల్లోని మిడతలను, పురుగులను తిని రైతుకు మేలు చేస్తుంది. ఎండిందని, వంగిందని తొర్ర చెట్టును నరికేస్తే పాలపిట్టకు ఇల్లు పోయినట్టే.

రాష్ట్ర గుర్తులుగా ఎంచుకున్న వీటికి విహార స్థలాల్లో ఎంత చోటు ఇస్తున్నారు? తోట అనగానే అధికారులకైనా, గుత్తేదార్లకైనా తోచేది నర్సరీలో త్వరగా దొరికే మొక్కే. కోనోకార్పస్ సంగతే చూడండి. సోమాలియా, యెమెన్ తీరాల చెట్టు అది. త్వరగా పెరుగుతుందని, పచ్చగా ఉంటుందని ఎన్నో పట్టణాల్లో రోడ్ల మధ్యన, పార్కుల్లోన బారులు తీర్చి నాటారు. దానివల్ల హాని జరుగుతోందన్న ఫిర్యాదుల మీద గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటవద్దని నిషేధించింది. సముద్రం లేని చోట సముద్ర తీరపు చెట్టు నాటి తరువాత పెరికి వేయడం కంటె, మొదటే ఒక మోదుగ నాటితే పోయేదేముంది? మోదుగ ఆకు విస్తరికి వస్తుంది, పువ్వు హోళీ రంగుకు వస్తుంది. మాఘ ఫాల్గుణాల్లో ఆ చెట్టు విరగబూస్తే చూడడానికి టికెట్టు పెట్టినా జనం వస్తారు.

జింకకు బిస్కెట్టు పెట్టడం ప్రేమ కాదు

జింకల పార్కు అంటే పిల్లలకు పండుగ. కాని జాలి ముందు నిలబడి చేయి చాచే పెద్దలే జింకకు ఎక్కువ కీడు చేస్తున్నారు. మచ్చల జింక ఆవులాగ నెమరువేసే జంతువు. గడ్డి, రాలిన ఆకులు, కాయలు దాని తిండి. బ్రెడ్డు, బిస్కెట్లు, మసాలా చిప్సు దాని కడుపుకు సరిపడవు. పొట్టలో పులుపు పెరిగి మేత మానేస్తుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. తినుబండారంతో పాటు ప్లాస్టిక్ సంచి కూడా మింగితే అది అరగదు, బయటికి రాదు. పొట్టలో ఉండగా చేరుకుంటుంది. అడవిలోనైతే జింక పులికి చిక్కి చనిపోతుంది. పార్కులో మనిషి పెట్టిన తిండికి చనిపోవడం న్యాయమా?

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. ప్రదర్శనకు ఉంచిన జంతువులను వేధించరాదని, వాటికి తిండి పెట్టరాదని, అరుపులతో బెదరగొట్టరాదని, ఆవరణలో చెత్త వేయరాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 38 జె సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. చట్టం ఉంది, దాన్ని గేటు దగ్గర చదివి వినిపించే మనిషే కావాలి. దసరా నాడు పాలపిట్టను పంజరంలో తెచ్చి చూపి డబ్బు అడిగే వారికీ ఈ చట్టం భయం లేదు. పాలపిట్టను పట్టడం నేరం. దర్శనం చేసుకోవాలంటే అది తీగ మీద, చెట్టు మీద స్వేచ్ఛగా ఉన్నప్పుడే చేసుకోవాలి.

జింక మహా బెదురు జంతువు. కుక్క వెంటపడితే, పెద్ద శబ్దం వినబడితే పిచ్చిగా పరుగెత్తి జాలికి గుద్దుకుంటుంది. గాయం లేకపోయినా ఆ బెదురుకే గుండె ఆగి పడిపోయే జింకలుంటాయి. అందుచేత డీజే పెట్టెలకు, టపాకాయలకు ఇటువంటి చోట తావు ఉండకూడదు.

రెండిటికీ చోటుంది

సౌకర్యాలు పెంచితేనే ఆదాయం వస్తుందని, చెట్లూ పిట్టలూ అంటూ కూర్చుంటే అభివృద్ధి జరగదని వాదించేవారు ఉన్నారు. ఆ వాదాన్ని తీసిపారేయనక్కర లేదు. పిల్లలకు ఆట కావాలి, పెద్దలకు నీడ, మంచినీళ్లు, మరుగుదొడ్లు కావాలి. ఆడవారికి భద్రత కావాలి. పడవ కూడా ఉండవచ్చు. అన్నీ ఒకే ఒడ్డున ఉంటే చాలు. రెండో ఒడ్డును రాతి మెట్లు కట్టకుండా, తుమ్మలు కొట్టకుండా నీటి పక్షులకు వదిలివేయాలి. కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు వాలేది అటువంటి ఒడ్డునే. నీటి మీదికి వంగిన తుమ్మ కొమ్మకు గిజిగాడు అల్లిన గూడు కంటె మంచి బొమ్మను ఏ శిల్పి కట్టగలడు?

దీనికి కోట్లు అవసరం లేదు. జింకలకు తగిన నీడ, పారే నీరు, కుక్కలు దూరని కంచె ఉండాలి. పశువైద్యుడు వేళకు వచ్చి చూడాలి. గేటు దగ్గర ప్లాస్టిక్ సీసాకు, సంచికి కొంత డబ్బు జమ కట్టించుకుని, తిరిగి తెచ్చి చూపితే వాపసు ఇవ్వాలి. ఖాళీ జాగాల్లో తంగేడు, జమ్మి, మోదుగ, ఇప్ప, రేల, మేడి నాటాలి. ప్రతి చెట్టుకూ తెలుగులో పేరు, ఉపయోగం రాసిన పలక కట్టాలి. వయ్యారిభామను, సర్కారు తుమ్మను ఏటా పీకించాలి. ఎడపల్లి, బోధన్ ప్రాంతాల యువకులకు కొద్ది నెలలు శిక్షణ ఇచ్చి చెట్టును, పిట్టను చూపించే పనిలో పెట్టాలి. చక్కెర మూతపడిన చోట అది పది ఇళ్లకైనా అన్నం పెడుతుంది.

బడుల పాత్ర కూడా తక్కువది కాదు. విహారయాత్ర అంటే బస్సు దిగి ఫోటో దిగి వచ్చేయడం కాదు. ఒక్కొక్క విద్యార్థి పది చెట్లను, ఐదు పక్షులను గుర్తుపట్టి రాసుకుని వస్తే ఆ రోజు పాఠం జరిగినట్టే.

అడవి, పర్యాటక, నీటిపారుదల శాఖలు మూడూ ఒకచోట కూర్చుని అలీసాగర్ ఆవరణలో ఏ మూల ఏ చెట్టు ఉండాలో, ఏ ఒడ్డు పక్షులదో గీత గీసి నిర్ణయించాలి. వచ్చే వానాకాలం లోపల ఆ పని జరిగితే జమ్మి మొక్కలు వానలకు వేరు పట్టుకుంటాయి. కొన్నేళ్లకు దసరా నాడు పట్టణం నుంచి వచ్చిన పిల్లవాడు పంజరంలో కాక కొమ్మ మీద పాలపిట్టను చూస్తాడు.