తగవు తీర్చే చదువు

తెలుగులో మధ్యవర్తి అనే మాట ఒకటే. అది మోసే పనులు రెండు. ఇరుపక్షాల వాదన విని చివరకు తానే తీర్పు చెప్పేవాడూ మధ్యవర్తే. తీర్పు చెప్పే అధికారం ఏమాత్రమూ లేక, ఇరువురినీ కూర్చుండబెట్టి, వారి ఒప్పందాన్ని వారిచేతనే కుదిర్పించేవాడూ మధ్యవర్తే. న్యాయశాస్త్రం మొదటివానిని ఆర్బిట్రేటరనీ, రెండవవానిని మీడియేటరనీ వేరు చేసినది. మొదటివానికి 1996 నాటి చట్టమూ, రెండవవానికి 2023 నాటి చట్టమూ ఉన్నవి. పత్రికలు మాత్రం రెంటినీ మధ్యవర్తిత్వమనే వ్రాస్తున్నవి. ఇందులో అనువాదకుల తప్పు కొంతే. రచ్చబండ పెద్ద ఈ రెండు పనులూ ఒక్కడే చేసేవాడు. ముందు బుజ్జగించేవాడు, వినకుంటే తప్పు వేసేవాడు. పని విడిపోలేదు గనుక మాటా విడిపోలేదు.

ఈ విద్య ఇప్పుడు కళాశాలలకు వచ్చినది. భారత బార్ కౌన్సిల్ 2020లో మీడియేషన్‌ను న్యాయవిద్యలో తప్పనిసరి పాఠ్యాంశం చేసినది. 2021 డిసెంబరులో హైదరాబాదున అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ప్రారంభమైనది. 2023 చట్టం మీడియేషన్‌కు 120 రోజుల గడువు పెట్టి, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మరి 60 రోజులు పొడిగించుకోవచ్చునన్నది. సంతోషమే. అయితే లక్షణాలు వల్లించి, మార్కులు తెచ్చుకుని మరచిపోయే పాఠమైతే దీనివల్ల ఒరిగేది లేదు.

అన్నదమ్ముల పంపకం తీసుకొనవచ్చును. బావి ఉన్న చెక్క తనకే కావలెనని ఇద్దరూ పట్టుబట్టినారు. తీర్పరి గొలుసు పట్టి కొలిచి సగం చేస్తాడు. ఎందుకు కావలెనని అడిగిన వానికి మాత్రమే తెలుస్తుంది: అన్నకు కావలసినది నీరు, తమ్మునికి కావలసినది ఆ బావి ప్రక్కనున్న తండ్రి సమాధి. హార్వర్డుకు చెందిన రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో వెలువరించిన గ్రంథానికి ఈ భేదమే ఆయువుపట్టు: మనిషి పట్టుబట్టేది వేరు, అతనికి అక్కరైనది వేరు. దీనిని ఉపన్యాసంతో నేర్పలేరు. ఒకరిని అన్నగా, ఒకరిని తమ్మునిగా, మూడవవానిని నడుమ నిలిపి తరగతిలో ఆడించవలసినదే.

శ్రీకృష్ణ రాయబారాన్ని ఈ విద్యకు ఉదాహరణగా చెప్పడం కద్దు. అది సరికాదు. కృష్ణుడు పాండవుల పక్షాన వెళ్లిన రాయబారి. మధ్యవర్తికి పక్షమే ఉండరాదు.

ఇంతకన్న పెద్ద చిక్కు మరొకటి. యేల్ విశ్వవిద్యాలయ న్యాయాచార్యుడు ఓవెన్ ఫిస్ 1984లో రాజీలనే ఆక్షేపిస్తూ ఒక వ్యాసం ప్రకటించినాడు. వ్యాజ్యం ఖర్చు భరించలేనివాడు తక్కువకు ఒప్పుకుంటాడనీ, ఆ ఒప్పుకోలును ఇష్టమని పిలవరాదనీ అతని వాదం. తెలుగు పల్లెకు ఇది కొత్త సంగతి కాదు. కూలి ఎగవేసిన ఆసామితో కూలివాడు పడిన రాజీలు, దెబ్బలు తిన్న ఇల్లాలికి పెద్దలు చెప్పిన సర్దుబాట్లు ఎన్ని లేవు! ఎప్పుడు రాజీ కుదర్చరాదో చెప్పని పాఠం సగం పాఠమే. 2023 చట్టమే నేరాల విచారణను సాధారణంగా మీడియేషన్‌కు తగని వివాదాల పట్టికలో చేర్చినది.

ఈ చదువు న్యాయకళాశాల దాకా ఆగవలసిన పని లేదు. అమెరికాలో కొన్ని పాఠశాలలు 1980ల నుండి తోటివారి తగవులు తీర్చడం విద్యార్థులకే నేర్పుతున్నవి. ఇక్కడ బడిలో తగవు రాగానే వినిపించే ప్రశ్న, “ఎవరు మొదలుపెట్టారు?” అది న్యాయమూర్తి ప్రశ్న. పెద్దపిల్లవాడు చిన్నవానిని దినమూ కొడుతుంటే ఆ ప్రశ్నే అడగవలె, శిక్షా వేయవలె. అది తగవు కాదు, దౌర్జన్యం. బల్లమీద చోటు కోసమో, ఆటలో వంతు కోసమో వచ్చిన పేచీ అయితే ఉపాధ్యాయులు మరొక పని చేసి చూడవచ్చును: ఎదుటివాని ఫిర్యాదును వీనిచేత చెప్పించడం, “అవును, నేనన్నది అదే” అని వాడు ఒప్పుకునేదాకా. మొదటిసారి ఎవరూ సరిగా చెప్పలేరు. రెండవసారి వినవలసి వస్తుంది. లెక్కల పాఠంలో అయిదు నిమిషాలు పోతవి.