ఎగిరిపోయిన మెట్టు ఎవరి జేబులోకి?

"మీ పేటోళ్ళకి లెక్కలు తలకెక్కవర్రా" - బళ్ళో మన పిల్లలు తరచూ వినే మాట ఇది. మేము ఒకటే అడుగుతున్నాం. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు మోసి లారీలు నింపేది ఎవరు? కొబ్బరి తోటల్లో కాయలు దింపి, ఒలిచి, వేలకి వేలు లెక్కపెట్టేది ఎవరు? పగలంతా లెక్కల్లో బతికేవాళ్ళకి లెక్కలు రావంటే నమ్మాలా?

మనకు రానిది లెక్క కాదు. లెక్కని మెట్టు మెట్టుగా కాగితమ్మీద పెట్టడం. అది మనకు నేర్పలేదు. మాష్టారు బోర్డు మీద రాస్తారు, పిల్లలు ఎక్కించుకుంటారు. గైడు బట్టీ కొడితే 35 మార్కులొస్తాయి, టెన్తు గట్టెక్కుతారు. "ఆ అంకె ఎక్కణ్ణించి వచ్చిందండి?" అనడిగిన పిల్లని కూర్చోమంటారు.

సరే, ఒక లెక్క వేద్దాం. పలక తియ్యండి.

ఒక కూలీ 5,000 అప్పు తెచ్చాడు. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. ఐదు నెలలకి 2,000 కట్టాడు. ఇంకో నాలుగు నెలలకి బాకీ తీర్చేద్దామని వెళ్ళాడు. ఎంత కట్టాలి?

షావుకారు లెక్క ఇదీ: నెలకు వడ్డీ 150. తొమ్మిది నెలలకి 1,350. అసలుతో కలిపి 6,350. ఇచ్చిన 2,000 పోతే 4,350. "చూసుకోరా, ఏమన్నా తప్పుందా?" అంటాడు. "ఆయ్, లేదండి" అంటాడు మనవాడు. నిజమే, కూడికలో తప్పు లేదు, గుణింతంలో తప్పు లేదు.

ఇప్పుడు మనం వేద్దాం. ఐదు నెలల వడ్డీ 750. కట్టిన 2,000లో 750 వడ్డీకి పోయింది. మిగతా 1,250 ఎక్కడికి పోవాలి? అసల్లోంచి తగ్గాలి. అంటే ఆ రోజు నుంచి అసలు 3,750. దాని మీద నెలకు వడ్డీ 112 రూపాయల 50 పైసలు. నాలుగు నెలలకి 450. కలిపితే 4,200.

తేడా 150 రూపాయలు. అసలు తగ్గించే మెట్టు ఒకటి ఎగరగొట్టినందుకు షావుకారుకి దక్కిన కూలి అది! (నూటికి మూడంటే ఏడాదికి నూటికి ముప్పయ్యారు. ఆ పాపం సంగతి వేరే మాట్లాడుకోవాలి.)

1882లో హంటర్ కమిషన్‌కి ఇచ్చిన వినతిలో మహాత్మా పూలే, ప్రాథమిక బడిలో చదవడం, రాయడంతోపాటు జమాఖర్చుల లెక్కలు కూడా నేర్పాలని అడిగాడు. ఊరికే అడగలేదు.

బాబాసాహెబ్ బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివేటప్పటి సంగతి ధనంజయ్ కీర్ రాశాడు. లెక్క చెయ్యమని మాష్టారు భీమ్‌ని బోర్డు దగ్గరికి పిలిచాడు. క్లాసంతా గగ్గోలు. బోర్డు వెనకాల సవర్ణ పిల్లల టిఫిన్ డబ్బాలున్నాయి. ఇతను బోర్డు ముట్టుకునేలోగా పరిగెత్తి వాటిని లాగేసుకున్నారు. ఆయన పేరు జిల్లాకి పెడతామంటే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. అయినా ఆగస్టులో పేరు వచ్చింది. జిల్లా బోర్డు మీద ఆయన పేరుంటే సరిపోదు, బడి బోర్డు మీద మన పిల్ల చెయ్యి పడాలి.

అందుకని కార్యకర్తలకు మా మాట. పేటలో డిగ్రీ చదివిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. కమ్యూనిటీ హాలు అరుగో, చర్చి అరుగో ఉంది. సాయంత్రం గంటసేపు చాలు. లెక్క చేసే పిల్ల ప్రతి మెట్టూ పైకి చదవాలి. వినేవాళ్ళు "ఎందుకు?" అనడగాలి. తప్పు వేస్తే ఎవరూ నవ్వకూడదు. ఏ మెట్టు దగ్గర తప్పిందో చూసి, అక్కణ్ణించి మళ్ళీ వెయ్యాలి. పుస్తకంలో లెక్కలు తర్వాత, ముందు వాళ్ళ నాన్న అప్పు వేయించండి. అమ్మల డ్వాక్రా పాస్‌బుక్కు వేయించండి.

ఈసారి గెలల ఎగుమతి కూలి లెక్క వేద్దాం. మేస్త్రీ ఇచ్చిన చీటీలుంటే పారెయ్యకండి, పట్టుకు రండి.