వేసవి విద్యా శిబిరాలపై కార్యవర్గ తీర్మానం

న్యూజెర్సీలోని మా తెలుగు కుటుంబాల సంఘం కార్యవర్గం హైస్కూల్ పిల్లల తల్లిదండ్రులను కూడా పిలిచి ప్రత్యేక సమావేశం జరిపింది. సమ్మర్ ప్రోగ్రాముల పేరిట మన ఇళ్లలో నడుస్తున్న హడావుడిని చర్చించి ఈ కింది తీర్మానం చేయడమైనది.

సంక్రాంతి వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో అరిసెల ఫొటోల పక్కనే ఒక ప్రశ్న కనిపిస్తుంది: "మీ అమ్మాయి దేనికి అప్లై చేసిందండీ?" అడగడంలో తప్పులేదు. కానీ జవాబుగా వచ్చే పేర్లన్నీ ఒకే కోవకు చెందినవి కావు.

మొదటి కోవ, పిల్లల పని చూసి ఎంపిక చేసేవి. గణిత ఆచార్యుడు ఆర్నల్డ్ రాస్ 1957లో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఒక గణిత శిబిరం మొదలుపెట్టారు. అందులో చదివినవారే 1989లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో ప్రామిస్ అనే గణిత శిబిరాన్ని నెలకొల్పారు. 1993 నుంచి మ్యాథ్‌క్యాంప్ అనే మరో శిబిరం ఉంది. ఈ మూడూ దరఖాస్తుతో పాటు కొన్ని లెక్కలు చేసి పంపమంటాయి. వాటికి గడువు గంటల్లో కాదు, వారాల్లో ఉంటుంది. పిల్ల ఆ లెక్కతో ఎలా కుస్తీ పట్టిందో, ఎక్కడ చిక్కుకుందో, చిక్కుకున్నాక ఏం చేసిందో చూస్తారు. సగమే తేలినా ఆ సగాన్ని రాసి పంపవచ్చు.

1959లో కాలిఫోర్నియాలోని ఓహైలో పుట్టిన సమ్మర్ సైన్స్ ప్రోగ్రాం సంగతి వేరు. అక్కడ ఖగోళశాస్త్రం తీసుకున్న పిల్లలు ముగ్గురేసి ఒక జట్టుగా రాత్రిళ్లు టెలిస్కోపు దగ్గర కూర్చుంటారు. ఒక గ్రహశకలాన్ని ఫొటోలు తీసి, దాని కక్ష్యను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామును తామే రాసుకుంటారు. ఆ పరిశీలనలు గ్రహశకలాల వివరాలు నమోదు చేసే మైనర్ ప్లానెట్ సెంటర్‌కు వెళతాయి. మబ్బు పట్టిందంటే ఆ రాత్రి పోయినట్టే. దానికి ఏ కోచింగూ పనికిరాదు. 1984లో మొదలై ఇప్పుడు ఎంఐటీలో జరిగే రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వందమందికి అటూ ఇటుగా మాత్రమే తీసుకుంటుంది, ఎంపికైనవారిని ఫీజు అడగదు. టెల్యూరైడ్ అసోసియేషన్ 1954 నుంచి సాహిత్యం, చరిత్ర వంటి విషయాల మీద ఉచితంగా వేసవి సెమినార్లు నడుపుతోంది. లెక్కలు, సైన్సు కాదు కాబట్టి కాబోలు, మన ఇళ్లలో దాని పేరు ఎత్తేవారు అరుదు.

ఇక రెండో కోవ. పేరున్న క్యాంపస్‌లో గదులు అద్దెకు తీసుకుని, వేల డాలర్లు కట్టినవారిని దాదాపు అందరినీ చేర్చుకుని, "మీరు ఎంపికయ్యారు" అని ఉత్తరం పంపే వ్యాపారం ఇది. అక్కడ చదువు దొరకదని మేము అనడం లేదు. డబ్బు కట్టి చేరడాన్ని ఎంపిక అనకూడదని మాత్రమే అంటున్నాం. ఆ క్యాంపస్‌లో రెండు వారాలు ఉన్నంత మాత్రాన రేపు ఆ కాలేజీలో సీటు రాదు.

కాబట్టి ఉగాది వేదికపై డబ్బు కట్టి చేరిన ప్రోగ్రాముల పేరిట శాలువాలు కప్పడం, మెమెంటోలు ఇవ్వడం ఇకపై ఆపివేయాలని తీర్మానించడమైనది. గతంలో మనమే కప్పాం, ఆ తప్పు మనది. రీసెర్చ్ పేపర్ రాయించి పెడతామనే సంస్థలకు మన వేడుకల్లో స్టాళ్లు, బ్యానర్లు ఇవ్వరాదని కూడా నిర్ణయించడమైనది. స్పాన్సర్ల రాబడి తగ్గుతుందని కోశాధికారి తెలిపిన అభ్యంతరాన్ని నమోదు చేసుకున్నాం. అభ్యంతరం నిజమే, అయినా తీర్మానం మారలేదు.

అలా తగ్గాక మిగిలే రాబడిలో కొంత భాగాన్ని, ఫీజు లేని శిబిరాలకు ఎంపికైనా ప్రయాణపు ఖర్చు భారమయ్యే పిల్లలకు ఇవ్వాలి. పిల్లవాడు తెలుగువాడా కాదా అని చూడనక్కరలేదు. పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో సైన్సుల గవర్నర్స్ స్కూలు నిధులు లేక 2009లో మూతపడితే, పూర్వ విద్యార్థులు చందాలు పోగుచేసి 2013లో మళ్లీ తెరిపించిన సంగతి సభ్యులకు గుర్తుచేస్తున్నాం. గుళ్లకు, భోజనాలకు చందా వేసే అలవాటు మనకు ఉంది. ఇదీ అలాంటి ఖాతాయే.

తల్లిదండ్రులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. దరఖాస్తుతో వచ్చే లెక్కలను అమ్మానాన్నలు చేయడం, ట్యూషన్ మాస్టారుతో చేయించడం ఆ శిబిరాల నియమాలకు విరుద్ధం. ఐఐటీలో చదివిన నాన్న చేసిన లెక్కతో సీటు వచ్చినా, అక్కడ కూర్చోవాల్సింది పిల్లవాడే. బదులుగా శనివారం సాయంత్రాలు పబ్లిక్ లైబ్రరీలో పిల్లలు తమంతట తాము పాత లెక్కలతో తిప్పలు పడే బృందాన్ని ఏర్పాటు చేయాలని తీర్మానించడమైనది. జవాబులు చెప్పాలని నోరు దురదపెట్టే పెద్దలు బయట కాఫీ తాగవచ్చు.

ఎంపిక కాని పిల్లల పేర్లు ఏ గ్రూపులోనూ చర్చకు రాకూడదు. వేసవిలో కిరాణా కొట్టులో పనిచేసిన పిల్లవాడికీ, తెనాలిలో అమ్మమ్మ దగ్గర రెండు నెలలు గడిపిన అమ్మాయికీ వేదిక మీద అదే గౌరవం ఉంటుంది.

స్టాళ్ల నిబంధన ఇప్పటికే అడ్వాన్సు తీసుకున్న ఒప్పందాలకూ వర్తిస్తుంది. ఆ అడ్వాన్సులను పదిహేను రోజుల్లో వాపసు చేయాలని కోశాధికారిని కోరడమైనది.

— అధ్యక్షులు, కార్యదర్శి