మెత్తని ముద్ద ఎన్నాళ్లు?

ప్రశ్న: మా అమ్మాయి పురిటికి వచ్చి మా దగ్గరే ఉంది. మనుమరాలికి మొన్ననే తొమ్మిదో నెల నిండింది. ఆరు నెలలు నిండగానే అన్నప్రాశన చేశాం. తల్లిపాలు ఇప్పటికీ తాగుతోంది. వాటితోపాటు పల్చటి రాగిజావ సీసాలో పోసి పడుతున్నాం. చెంచాతో అన్నం పెడితే చిన్న పలుకు తగిలినా ఓకరించి కక్కేస్తుంది. ఆరో నెలలో ఆరున్నర కిలోల బరువుండేది. ఇప్పుడు 6 కిలోల 700 గ్రాములే ఉంది. ముఖం పాలిపోయినట్టు కనిపిస్తోంది. మా చెల్లెలి కోడలు అమెరికా నుంచి వస్తూ పిడి తిప్పే జల్లెడ గిన్నె ఒకటి తెచ్చి ఇచ్చింది. "మిక్సీ ఉండగా ఇదెందుకమ్మా" అని మా అమ్మాయి దాన్ని అటకెక్కించింది. దాన్ని దింపమంటారా? పిల్లకు ఏం పెట్టమంటారు?

– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందుగా గిన్నె సంగతి కాదు, పిల్ల సంగతి చూద్దాం. ఆరో నెల నుంచి తొమ్మిదో నెల లోపల ఆడపిల్ల సుమారు 900 గ్రాములు పెరగాలి. మీ మనుమరాలు 200 గ్రాములే పెరిగింది. పైగా పాలిపోయిందంటున్నారు. కాబట్టి ఈ పత్రిక పక్కన పెట్టి, ఈ వారంలోనే పిల్లను డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించండి. బిడ్డ పుట్టేటప్పుడు ఒంట్లో దాచుకుని వచ్చే ఇనుము ఆరో నెలకల్లా దాదాపు అయిపోతుంది. తల్లిపాలు ఎంత మంచివైనా ఆ లోటు తీర్చలేవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలలు దాటి అయిదేళ్ల లోపు ఉన్న పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. 2018లో మొదలైన కార్యక్రమం కింద ఈ వయసు పిల్లలకు ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఇస్తారు. ఆశా కార్యకర్తను అడగండి. కానీ మీ అంతట మీరు మోతాదు పెంచకండి. ఐరన్ మందు ఎక్కువైతే పసిబిడ్డలకు ప్రాణాపాయం.

ఇక లోపం ఎక్కడుందో చూద్దాం. ఈ వయసు బిడ్డ కడుపులో కిలో బరువుకు 30 గ్రాముల చొప్పున ఆహారం పడుతుంది. మీ పాపకు అది 200 గ్రాములు, అంటే ఓ చిన్న గ్లాసుడు. ఆ గ్లాసును నీళ్ల జావతో నింపేస్తే కడుపు నిండుతుంది, ఒళ్లు నిండదు. అందుకని సీసా ఇవాళే మానేయండి. జావ చెంచా వంచితే జారి పడకుండా నిలిచేటంత చిక్కగా ఉండాలి. అందులో అర చెంచా నెయ్యో నూనో వెయ్యండి. చిక్కటి జావ మింగలేకపోతే నీళ్లు పొయ్యకండి. మొలకెత్తించిన రాగుల్ని ఎండబెట్టి, సన్నని సెగ మీద వేయించి పిండి పట్టించుకోండి. ఉడికిన జావ దించి, కాస్త వేడి తగ్గాక ఆ పిండి ఒక చెంచా కలపండి. నాలుగైదు నిమిషాల్లో దానంతటదే పల్చబడుతుంది. మళ్లీ ఒక్క పొంగు రానిచ్చి, ఆరాక పెట్టండి. పిండి ఎంత వేశారో అంతా అందులోనే ఉంటుంది, మింగడం మాత్రం సులువవుతుంది.

ఇప్పుడు అటక మీది గిన్నె దింపండి. 1932లో ఫ్రాన్సులో జాన్ మాంతెలే అనే ఆయన కూరగాయలు మెదపడానికి దీన్ని అమ్మకానికి తెచ్చాడు. గిన్నె అడుగున చిల్లుల పళ్లెం ఉంటుంది. పిడి తిప్పితే వాలుగా ఉన్న రేకు ఉడికిన పదార్థాన్ని చిల్లుల్లోంచి కిందికి నొక్కుతుంది. తొక్కలు, గింజలు, పీచు పైనే మిగులుతాయి. అడ్డుపడితే పిడి ఒకసారి వెనక్కి తిప్పాలి. మన పప్పుగుత్తీ, జల్లెడా కలిసి చేసే పని ఇది ఒక్కటే చేస్తుంది.

మిక్సీ అన్నిటినీ నలగ్గొడుతుంది. టమాటా గింజలు, బఠాణీ తొక్కలు కూడా ముద్దలో కలిసిపోతాయి. బంగాళాదుంప వేస్తే జిగురుగా సాగుతుంది. పిల్లకు కావలసిన రెండు గరిటెలు మిక్సీకి చాలవు కనుక చాలామంది నీళ్లు పోసి తిప్పుతారు. ముద్ద పల్చబడేది అక్కడే. ఈ గిన్నెకు నీళ్లు అక్కర్లేదు. కానీ పచ్చివీ, గట్టివీ ఇందులో నలగవు. వేలితో నొక్కితే నలిగేటంత మెత్తగా ఉడికినవే వెయ్యాలి.

అసలు ఉపయోగం మరొకటి ఉంది. దీనికి సాధారణంగా మూడు పళ్లేలు వస్తాయి. సన్నచిల్లులది, మధ్యరకం, పెద్దచిల్లులది. ఆరేడు నెలల్లో సన్నది, ఎనిమిదో నెలలో మధ్యరకం, తొమ్మిదో నెలలో పెద్దది వాడి, ఆ తర్వాత వేళ్లతో మెదిపిన అన్నం పెట్టాలి. ఏడాది నిండేసరికి ఇంట్లో అందరూ తినేదే పిల్లా తినాలి. పది నెలలు దాటినా పలుకు రుచి చూపించకపోతే ఆ తర్వాత నమలడం నేర్పడం కష్టమవుతుంది. మీ పాప ఓకరించడానికి కారణం ఇదే. నాలుక ఇంతవరకూ నునుపైనదే చూసింది. కాబట్టి మీరు సన్నపళ్లెంతో మొదలుపెట్టినా మూడు నాలుగు రోజులకు మించి వాడకండి. తర్వాత మధ్యరకం వారం రోజులు. ఆ పైన పెద్దది. నెల తిరిగేసరికి గిన్నె మళ్లీ అటకెక్కాలి. ఎక్కలేదంటే మనం పిల్లకు మేలు చెయ్యలేదన్నమాట.

రెండు చెంచాల బియ్యం, ఒక చెంచా పెసరపప్పు, చిన్న గుమ్మడి ముక్కో క్యారెట్టో, నాలుగు పాలకూర ఆకులు, ఒక టమాటా ముక్క మెత్తగా ఉడికించి గిన్నెలో తిప్పి నెయ్యి కలపండి. టమాటాలోని పులుపు ఆకుకూర, పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. మాంసాహారులైతే బాగా ఉడికించిన గుడ్డు, మేక కార్జం కొంచెం కొంచెంగా పెట్టవచ్చు. రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టి, తల్లిపాలు రెండేళ్లు నిండేదాకా కొనసాగించండి. ఏడాదిలోపు ఉప్పు, పంచదార కలపవద్దు. తేనె అసలు నాకించవద్దు. దాని వల్ల పసిబిడ్డలకు బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. గేదెపాలు, ఆవుపాలు తల్లిపాలకు బదులుగా పట్టవద్దు.

ఓకరింపు చూసి భయపడకండి. పిల్ల ఎర్రబడి, దగ్గి, చప్పుడు చేస్తుంటే తనే బయటికి తెచ్చుకుంటుంది. చప్పుడు లేకుండా, ఊపిరాడక నీలంగా మారితే మాత్రం అది గొంతుకు అడ్డం పడడమే. వెంటనే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెండు రెక్కల నడుమ అరచేతి మడమతో అయిదుసార్లు చరచండి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో అయిదుసార్లు నొక్కండి. బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ ఉండండి. ఇంకొకరిచేత 108కి ఫోను చేయించండి. కనిపించని దానికోసం నోట్లో వేలు పెట్టి వెతకవద్దు, ఇంకా లోపలికి పోతుంది. వేరుశెనగ గుళ్లు, ద్రాక్షపళ్లు విడిగా పెట్టనే వద్దు.

పని అవగానే గిన్నె విడదీసి కడగండి. చిల్లుల్లో మిగిలిన మెతుకు పులిసిందంటే విరేచనాలు తప్పవు. వేడినీళ్లు పోసి, పూర్తిగా ఆరబెట్టండి. చేసిన ముద్ద బయట రెండు గంటలకు మించి ఉంచవద్దు. పిల్ల తినగా మిగిలింది దాచవద్దు.

ప్రశ్న: మా మామగారికి రెండు నెలల కిందట పక్షవాతం వచ్చింది. మంచినీళ్లు తాగినా పొలమారుతోంది. అన్నీ కలిపి జావలా చేసి పోస్తున్నాము. సరైనదేనా?

– ఒక కోడలు, సూర్యాపేట

జవాబు: కాదమ్మా. పక్షవాతం తర్వాత పల్చటివే ఎక్కువ ప్రమాదం. నీళ్లు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ముందు మింగే శక్తిని పరీక్ష చేయించండి. పెద్ద ఆసుపత్రుల్లో స్పీచ్ థెరపిస్టులు ఆ పని చేస్తారు. ఎంత చిక్కగా పెట్టాలో వారే చెబుతారు. అంతవరకూ మంచం మీద పడుకోబెట్టి పొయ్యకండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒకటి మింగాకే రెండోది పెట్టండి. తిన్నాక అరగంట కూర్చోనివ్వండి. నోరు శుభ్రం చెయ్యండి. తింటున్నప్పుడు గొంతు గరగరలాడినా, జ్వరం వచ్చినా ఆలస్యం చెయ్యకండి.

పైన చెప్పిన గిన్నె మీకూ పనికొస్తుంది. ఆయన విషయంలో పళ్లెం ఎప్పుడు మార్చాలో డాక్టరు చెప్పాలి. ఒక్క మాట. పప్పు, కూర, అన్నం అన్నీ కలిపేసి ఒకే రంగు ముద్ద చెయ్యకండి. వేటికవి మెదిపి విడివిడిగా కంచంలో పెట్టండి. నిన్నటిదాకా గోంగూర రుచి, పప్పు రుచి వేరువేరుగా ఎరిగిన మనిషి ఆయన. ఏం తింటున్నాడో తెలిస్తే రెండు ముద్దలు ఎక్కువ తింటాడు.