గురి నేర్చుటకు చోటేది?

పారిస్ నగరమున 2024లో జరిగిన ఒలింపిక్ క్రీడలలో మన దేశమునకు లభించిన పతకములు ఆరు. అందు మూడు తుపాకి గురివలన వచ్చినవి. మను భాకర్ పిస్తోలుతో ఒంటరిగా నొకటియు, సరబ్‌జోత్ సింగుతో కూడి మరియొకటియు గెలిచినది. కొల్హాపూరు జిల్లాలోని పల్లెలో పుట్టి, అప్పటికి రైల్వేలో టిక్కెట్టు కలెక్టరుగా నుండిన స్వప్నిల్ కుశాలే ఏబది మీటర్ల రైఫిలు పందెమున మూడవదానిని తెచ్చినాడు. అంతకు మున్ను 2008లో బీజింగునందు అభినవ్ బింద్రా స్వర్ణమును, 2012లో లండనునందు హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ కాంస్యమును గెలిచిరి. ఊరేగింపులు జరిగినవి; పూలదండలు పడినవి; బహుమానములు ప్రకటింపబడినవి. సంతోషమే. కాని ఆ దండలు వాడకముందే అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. నరసరావుపేటలోనో సిద్దిపేటలోనో యొక పడుచువాడు ఆ వార్త చదివి, తానును దూరపు గురి నేర్వవలెనని సంకల్పించినచో, వాడెక్కడికి పోవలెను?

వానికి త్రోవ చూపువారు లేరు. పోలీసు ఠాణాకు పోయి యడిగినచో, తుపాకితో నీకేమి పనియని ఎదురు ప్రశ్న వచ్చును. కలెక్టరు కచేరీకి పోయినచో లైసెన్సు దరఖాస్తు చేతికిత్తురు గాని, కాల్చి నేర్చుకొను చోటు చెప్పరు. బడిలోని వ్యాయామోపాధ్యాయునకు ఆ సంగతియే తెలియదు. అదృష్టము బాగున్నచో, ఏ పట్టణమున నే మేడమీదనో పది మీటర్ల గాలి రైఫిలు హాలు ఉన్నదని ఎవరో చెప్పుదురు. గుసగుసలవలన తెలియవలసిన విషయమా యిది? ఇది దొంగసారా వ్యాపారమా, దేశమునకు కీర్తి తెచ్చు విద్యయా?

చదువరులలో కొందరు రైఫిలు గురి యంతయు నొక్కటే యని తలంతురు. అది పొరపాటు. పది మీటర్ల పందెమున గాలి రైఫిలుతో చిన్న సీసపు గుండు వేయుదురు. పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. ఇది నాలుగు గోడల నడుమ సాధ్యము. ఏబది మీటర్లకు .22 బోరు రైఫిలు వాడుదురు. పది మార్కుల వలయము 10.4 మిల్లీమీటర్లు. మూడువందల మీటర్లకు పోయినప్పుడు పెద్దబోరు రైఫిలు కావలెను. వలయము పది సెంటీమీటర్లగును. దానికి పైన ఆరువందలు, తొమ్మిదివందలు, వేయి గజముల పందెములు కలవు. అచ్చట గురికానికి ప్రతికక్షి గాలియే. వేయి గజములు పోవుటకు గుండునకు సుమారు ఒకటిన్నర సెకండు పట్టును. ఆ స్వల్పకాలముననే గంటకు పది మైళ్ల అడ్డుగాలి దానిని ఆరడుగులకు మించి ప్రక్కకు త్రోయును. జెండా యెంత వంగినది, ఎండమావి ఏ వంకకు పారుచున్నది, ఊపిరి యెచ్చట నిలుపవలెను అని లెక్కించి, వ్రేలిని తొందరపడనీయక నొక్కుట యొక తపస్సు. అది గ్రంథములు చదివి వచ్చునది కాదు. మైదానము కావలెను; గుండును ఆపు మట్టిదిబ్బ కావలెను; పెద్దవాని పర్యవేక్షణము కావలెను.

ఆ మైదానమేది? హైదరాబాదులో గచ్చిబౌలి వైపున ప్రభుత్వపు రేంజి యున్నది. చిన్నదూరపు పందెములకు అది యుపకరించును. దూరపు గురి మాటకు వచ్చునప్పటికి, తెలుగునాట సామాన్య పౌరుడు ఆదివారమునాడు రైలెక్కి పోయి, రుసుము చెల్లించి, మూడువందల మీటర్లకు గురిపెట్టి రాగల చోటిది యని వ్రేలుపెట్టి చూపగలవారెవరు? సైన్యమునకు రేంజులు కలవు. పోలీసు పటాలములకు కలవు. మహూలోని సైనిక గురిశిక్షణ శాఖ ప్రసిద్ధి కెక్కినది. కావుననే పెద్దబోరు పందెములలో మొదటినుండియు యూనిఫారమువారిదే పైచేయి. వారిని మేము నిందింపము. వారికి చోటు కలదు గనుక వారు నేర్చిరి. చోటు లేనివాడు నేర్వలేదనుటలో వింత యేమున్నది?

ఈ లేమి దైవికముగా వచ్చినది కాదు. దీనికి చరిత్ర కలదు. ఆ చరిత్రను మన పఠనమందిరములవారు మరువరాదు. ఇంగ్లండులో 1859లో జాతీయ రైఫిలు సంఘము ఏర్పడినది. మరుసటి యేట వింబుల్డను మైదానమున దాని ప్రథమ సమావేశము జరుగగా, విక్టోరియా రాణి స్వయముగా పట్టుత్రాడు లాగి, నాలుగువందల గజముల గురికి మొదటి గుండును వేసినది. పౌరుడు తుపాకి గురి నేర్చుట దేశరక్షణయని యా జాతి యెంచినది. 1890లో ఆ సంఘము బిస్లీ అను చోటికి మారినది; వేయి గజములకు మించిన మైదానము అచ్చట నేటికిని గలదు. 1930లో మార్జొరీ ఫాస్టరను స్త్రీ అచ్చటనే రాజు పేరిటి బహుమానమును పురుషులనందరిని మించి గెలుచుకొన్నది.

అదే జాతి మన దేశమున నేమి చేసినది? 1878లో లిట్టను ప్రభువు ఆయుధముల చట్టమును తెచ్చినాడు. భారతీయుడు లైసెన్సు లేక తుపాకి తాకరాదు. యూరోపియనునకు మాత్రము మినహాయింపు. దేశభాషా పత్రికల నోరు కట్టిన చట్టమును ఆ యేడే ఆ ప్రభువే తెచ్చినాడు. ఒక చేత కలము లాగుకొని, మరియొక చేత తుపాకి లాగుకొన్నాడు. తన దేశమున దేశరక్షణ యైన విద్య మన దేశమున రాజద్రోహమైనది! రంప మన్యమున 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి తుపాకులు కొనిపోవలసి వచ్చినదన్న, దానికి మూలమీ చట్టమే. 1931లో కరాచీ కాంగ్రెసు పౌరుల ప్రాథమిక హక్కులను నిర్ణయించినప్పుడు, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును ఆ పట్టికలో చేర్చినది ఈ అవమానము గుర్తుండియే.

పత్రికల చట్టము రిప్పను ప్రభువు కాలముననే పోయినది. ఆయుధముల చట్టమో స్వరాజ్యము వచ్చిన తరువాతను ఏండ్లకొలది నిలిచినది. 1959లో మన పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది. అందు మంచి మాట యొకటి యున్నది. గుర్తింపు గల రైఫిలు క్లబ్బు సభ్యుడు గురి అభ్యాసమునకై .22 బోరు రైఫిలునో గాలి తుపాకినో కోరినచో, వేరు ఆటంకములు లేనియెడల లైసెన్సు నీయవలెనని యా చట్టము చెప్పుచున్నది. అనగా మన శాసనకర్తలు క్లబ్బును మనస్సులో నుంచుకొనియే చట్టము వ్రాసిరి. లోకసభ ప్రథమ సభాపతి మావలంకరు పూనికతో 1951లోనే భారత జాతీయ రైఫిలు సంఘము వెలసినది. 2016 నియమములు మరియొక అడుగు ముందుకు వేసి, లైసెన్సు కోరువాడు ఆయుధభద్రతలో శిక్షణ పొందవలెనని విధించినవి. ప్రభుత్వపు కర్మాగారములు .315 రైఫిలును తయారుచేసి లైసెన్సుదారులకు అమ్ముచునే యున్నవి. అమ్ముటకు అంగడి యున్నది, పన్నునకు కచేరీ యున్నది. కొన్నవాడు దానిని కాల్చి నేర్చుకొనుటకు మైదానము మాత్రము లేదు! గుఱ్ఱమునమ్మి, స్వారికి వీథి లేదనినట్లున్నది.

చట్టము మారినను, అధికారుల బుద్ధిలో లిట్టను ప్రభువు ఇంకను కొలువుతీరియున్నాడని మేము స్పష్టముగా చెప్పుచున్నాము. తుపాకి యన్నంతనే అనుమానము, పౌరుడన్నంతనే అవిశ్వాసము. దీనికి తార్కాణము దూరముగా వెదకనక్కరలేదు. 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడల దూరపు రైఫిలు పందెములకై గురుగ్రామ సమీపమున కాదర్‌పూరులో, కేంద్ర రిజర్వు పోలీసుదళమువారి ఆవరణలో, ప్రజల ధనముతో మైదానము సిద్ధపరచిరి. స్వర్ణము గెలిచినవాడెవరు? ఇంగ్లండు పక్షమున నిలిచిన పరాగ్ పటేలు! ఆ పేరు విన్నవారికి వేరుగా వ్యాఖ్యానము కావలెనా? భారతీయుని కంటికి చూపు తక్కువయా? చేతికి నిలుకడ తక్కువయా? ఆ పటేలునకు బిస్లీ కలదు. మన యూరి పటేలునకు, మన యూరి రెడ్డికి, రావునకు, బీబీకి అటువంటి చోటు లేదు. పందెములు ముగిసినవి, కాదర్‌పూరు ఆవరణ పోలీసు ఆవరణగనే యున్నది.

"తుపాకులు పెరిగినచో హత్యలు పెరుగవా? అమెరికా సంగతి చూచుటలేదా?" అని శాంతికాములు కొందరు మమ్మడుగుదురు. వారి భయమును మేము తేలికగా త్రోసివేయము. పెండ్లి ఊరేగింపులలో గాలిలోనికి కాల్చి పసిబిడ్డల ప్రాణములు తీసిన మూర్ఖుల వార్తలను ఉత్తరదేశమునుండి వినుచునే యున్నాము. కాని యా మూర్ఖుడు క్లబ్బున పెరిగినవాడా? రైఫిలు గుండు రెండు మైళ్లకు పైగా పోగలదని, గురి వెనుక నేమున్నదో యెఱుగక కాల్చరాదని వానికెన్నడైన నెవరైన చెప్పిరా? మేము లైసెన్సుల తలుపులు బార్లా తెరువుమనుటలేదు. రైఫిలు వాని యింటనే యుండనక్కరలేదు. క్లబ్బు ఆయుధాగారమున తాళము క్రింద నుండవచ్చును. మేమడుగునది తుపాకి కాదు, చోటు. లైసెన్సు గల రైఫిలు శిక్షణ లేని చేతిలో నుండుటకంటె అపాయకరమైనది మరియొకటి లేదు. శిక్షణ మైదానమున గాని రాదు.

స్విట్జర్లండును చూడుడు. తెలంగాణ జనసంఖ్యలో మూడవవంతైన లేని దేశమది. పల్లెపల్లెకు చేరువనే మూడువందల మీటర్ల మైదానమున్నది. రైఫిలు కేటాయింపబడిన సైనికసేవకుడు ఏటేట తన యూరి సంఘమున ఇరువది గుండ్లు కాల్చి చూపవలెను. ఏటా జరుగు గురిపండుగకు లక్షకు పైగా జనము వత్తురు. తాతయు మనుమరాలును ప్రక్క ప్రక్కనే పండుకొని గురిపెట్టుదురు. ఆ దేశము రక్తసిక్తమైపోయినదా?

కావున మా కోరికలు మూడు. మొదటిది: ఉభయ తెలుగు రాష్ట్రముల క్రీడాశాఖలును రైఫిలు సంఘములును కలిసి, ఏ జిల్లాలో ఏ క్లబ్బున్నది, ఎంత దూరము కాల్చవచ్చును, ఏ దినమున, ఎంత రుసుము అను పట్టికను తెలుగున నచ్చువేసి ప్రతి గ్రంథాలయమున నంటింపవలెను. దీనికి కోట్లు అక్కరలేదు, కాగితము చాలును. రెండవది: పోలీసు పటాలముల రేంజులు ఖాళీగానుండు ఆదివారములందు, గుర్తింపు గల క్లబ్బులకు వారి యధికారి సమక్షముననే తెరువవలెను. మూడవది: రాష్ట్రమునకొక్కటి చొప్పున, వెనుక ఎత్తైన గుట్టయు, చుట్టు జనావాసము లేని బీడును గల చోట, మూడువందల మీటర్లతో నారంభించి వేయి గజములకు పెంచదగిన మైదానమును పౌరులకై కట్టవలెను. రాయలసీమలోను నల్లగొండలోను గుట్టలకు కరవా?

నేర్వగోరు యువకులకును యువతులకును ఒక మాట. మొదటి దినముననే వేయి గజములని కలలు కనకుడు. పది మీటర్ల గాలి రైఫిలుతో మొదలిడుడు. అచ్చట నిలిచిన చేయి ఎచ్చటనైనను నిలుచును. డబ్బు కట్టకముందు క్లబ్బువారిని నాలుగు ప్రశ్నలడుగుడు: రాష్ట్ర సంఘపు గుర్తింపు కలదా? ఆయుధములెవరి లైసెన్సున నున్నవి? కాల్చునప్పుడు బాధ్యత వహించు అధికారి యెవరు? గుండు ఎచ్చట ఆగును? నాల్గింటికి సూటిగా బదులు రానిచోట క్షణమైన నిలువకుడు.

పట్టణ పెద్దలకు కడపటి మనవి. 1914లో బెజవాడయందు గ్రంథభాండాగార సంఘము స్థాపించినవారు ప్రభుత్వపు ఉత్తరువుకై వేచియుండలేదు. తాలింఖానాలు కట్టిన మన తాతలు గ్రాంటులకై చేయి చాపలేదు. పదిమంది కూడి, నియమావళి వ్రాసి, జిల్లా రైఫిలు సంఘమునకు దరఖాస్తు పెట్టుడు. కలెక్టరుగారు త్రోసిపుచ్చినచో కారణము వ్రాతమూలముగా నడుగుడు. బింద్రాకు తండ్రి తన యింటనే రేంజి కట్టించి యిచ్చినాడు. ఆ భాగ్యము లేని బిడ్డలకు ఊరే తండ్రి కావలెను.